తాంబూలంలో ఏడో నంబరు

మా మావయ్యకి మర్యాద ఒక జబ్బు. కోపంలో అంటున్న మాట కాదిది, నిదానంగా ఆలోచించి అంటున్నదే. కోనసీమలో పుట్టినవాళ్ళందరికీ కాస్తో కూస్తో ఉంటుంది గాని, ఆయనకి బాగా ముదిరింది. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషైనా సరే, కాఫీ తాగి, చేతిలో అరటిపండు పెట్టించుకుంటే తప్ప గుమ్మం దిగడానికి వీల్లేదు. ఎవరైనా ఉత్త చేతులతో వెళ్ళిపోతే ఆయనకి ఆ పూట అన్నం సహించదు. అలాంటి మనిషికి కొత్తపేటలో ఫంక్షన్ హాలు ఉంది. జబ్బుకి మందు దొరక్కపోగా మేత దొరికిందన్నమాట.

నేను విశాఖలో డిజైన్ చదువుతున్నాను. మా చుట్టాల లెక్కలో డిజైన్ అంటే ఫ్లెక్సీ. సెలవులకి బస్సు దిగానో లేదో, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ ఒకరిది, గృహప్రవేశం ఫ్లెక్సీ ఇంకొకరిది నా లాప్‌టాప్ ముందు వరస కడతాయి. ఎవరి ఫొటో ఎవరి పక్కనుండాలి, ఎవరి తలకాయ ఎంతుండాలి అన్నదాని మీద మా వాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలున్నాయి. ఆ మార్చిలో మాత్రం నేను ఇంటికొచ్చింది ఫ్లెక్సీల కోసం కాదు, ఏడవడం కోసం. వేసవిలో ఎక్కడో ఒకచోట పనిచేసి వస్తేనే ఆఖరి సంవత్సరంలోకి పంపుతామని మా కాలేజీ నియమం. క్లాసులో అందరికీ చోట్లు దొరికాయి. నేను పంపిన పని చూసినవాళ్ళు బాగుందన్నారు, రమ్మని మాత్రం ఒక్కరూ అనలేదు. చోటు దొరక్కపోతే ఏడాది పోతుంది. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే మావయ్య ఏదో ఒక ఫ్లెక్సీ షాపులో కూర్చోబెట్టేస్తాడని భయం.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మన హాల్లో రెండ్రోజులు బొమ్మల ఎగ్జిబిషనంట. ఆర్టిస్టుగారు విశాఖ నుంచి వస్తన్నారు. ఆవిడ పుట్టిల్లు మన పక్కూరేలే. నువ్వు డిజైన్ కదా, దగ్గరుండి చూసుకోవాల. ముందు ఓ ఫ్లెక్సీ కొట్టు."

తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు, ఒకే ఒక్క బొమ్మ, చుట్టూ కావలసినంత చోటు. బాగా చేశాననే అనుకున్నాను. మావయ్య దాన్ని ఫోన్‌లో చూసి దిగులు పడిపోయాడు. "ఇదేంటమ్మా ఇలాగుంది? ఎవరో పోయేరనుకుంటారు." మర్నాడు హాలు గేటుకి కట్టిన ఫ్లెక్సీలో నేను వదిలిన చోటు నిండా మావయ్య, అత్తయ్య, వాళ్ళబ్బాయి, 'స్వాగతం సుస్వాగతం', నాలుగు మూలలా గులాబీలు ఉన్నాయి. ఆర్టిస్టుగారి పేరు మావయ్య భుజం వెనకాల సగం కనిపిస్తోంది. నాకు తల గేటుకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆర్టిస్టుగారు కారు దిగి ఆ ఫ్లెక్సీని చాలాసేపు చదివారు. యాభై దాటిన మనిషి. నేత చీర, గోళ్ళ చుట్టూ కడిగినా పోని నలుపు. "గులాబీలు బాగున్నాయండి," అన్నారు చివరికి.

"ఆయ్," అన్నాడు మావయ్య, మురిసిపోతూ.

లోపల ఇంకా ఘోరం. గోడలన్నీ టైల్స్, మేకు కొట్టనివ్వడు. కుర్చీలకి వెనకాల రిబ్బను ముడులతో సాటిన్ గుడ్డలు. స్పీకర్లలో సన్నాయి. గుమ్మంలో మనిషిని పెట్టి, వచ్చినవాళ్ళందరి మీదా పన్నీరు చల్లించబోతున్నాడు. అవన్నీ కాగితం మీద వేసినవి మావయ్యా, తడి తగలకూడదు అని నెత్తీ నోరూ కొట్టుకుంటే, "గుమ్మం దగ్గరే కదమ్మా, అంత దూరం రాదులే," అన్నాడు. ఆ పన్నీరు బుడ్డి లాక్కుని వంటింట్లో దాచేశాను. బొమ్మలు ఎలా తగిలించాలా అని మేం తలలు పట్టుకుంటుంటే ఆర్టిస్టుగారే ఒక తాడు అడిగి, స్తంభం నుంచి స్తంభానికి కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు తగిలించేశారు. స్టూడియోలో ఆరేసేది కూడా ఇలాగే అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ బొమ్మల మీద నాకు మొదట ఏ గౌరవమూ లేదు. చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దిన ప్రింట్లట. ప్రింట్ అంటే నాకు తెలిసింది కంప్యూటర్లో మీట నొక్కితే మెషీన్లోంచి వచ్చేది. మా కాలేజీలో ప్రింట్‌మేకింగ్ గది ఒకటుంది, అందులో పెద్ద ఇనప యంత్రం ఉంది. మేం దాని మీద సంచులు పెట్టుకుంటాం. అందుకని తాడు మీద మధ్యలో వేలాడుతున్న పెద్ద బొమ్మ ముందు నిలబడి, డిజైన్ చదువుతున్నానన్న ధీమాతో అడిగేశాను.

అది కొబ్బరికాయల రాశి. దూరం నుంచి చూస్తే ఒట్టి నలుపు. దగ్గరికెళితే నలుపులోంచి ఒక్కో కాయా, కాయకి పీచూ, పీచుకి గీతలూ తేలతాయి. రాశి నడుమ ఒక్క కాయకి మొలకొచ్చింది. సన్నటి తెల్లటి గీత పైకి లేచి చివర వంగుతుంది. కింద పెన్సిల్‌తో ఒకటి బై ఎనిమిది అని రాసి, సంతకం ఉంది. బల్ల కింద అట్టల మధ్య ఇలాంటివే ఇంకో ఏడున్నాయని అప్పుడే చెప్పారు.

"ఒకే బొమ్మ ఎనిమిదెందుకండీ? స్కాన్ చేస్తే ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు కదా?"

ఆవిడ సంచిలోంచి అరచేతంత చెక్క ముక్క తీశారు. దాని మీద ఏదో చెక్కి ఉంది. గాజు పలక మీద నల్ల సిరా వేసి రోలర్ నా చేతికిచ్చారు. "చప్పుడు విను. సన్నగా చిటచిటలాడితే సరిపోయినట్టు. జిగురు జిగురుగా మోగితే ఎక్కువైనట్టు." చెక్కకి సిరా పట్టించాను. దాని మీద కాగితం పరిచి, ఆవిడిచ్చిన చెక్క గరిటె వీపుతో రుద్దాను. ఎక్కడ ఎంత రుద్దానో నాకు కనిపించదు, చెయ్యి చెప్పాలంతే. తప్పు చేస్తే వెనక్కి వెళ్ళే మీట లేదు. మూల పట్టుకుని కాగితం మెల్లగా లేపితే కింద నుంచి చిన్న కవ్వం ఒకటి, సగం మసగ్గా, సగం నల్లగా నిగనిగలాడుతూ లేచి వచ్చింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. అన్నేళ్ళ చదువులో నేను చేసిన వస్తువు ఒకటి తడిగా నా చేతిలో ఉండటం అదే మొదటిసారి.

"ఇది పాడైందండీ," అన్నాను.

"పాడవలేదు. మొదటిది," అన్నారు. తర్వాత రాశి బొమ్మ వైపు చూపించి, "ఎనిమిది తీసేక, చెక్కిందంతా పోయేలా ఆ చెక్కని చిత్రిక పట్టించేశాను. ఇంక ఇవే. విశాఖ వెళ్ళగానే ఎవరివి వాళ్ళకిచ్చెయ్యాలి, మాట ఇచ్చేశాను," అన్నారు. నా చేతుల సిరా కేసి చూస్తూ, "జూన్‌లో నా దగ్గరికో మనిషి కావాలి. చేతులిలాగే ఉంటాయి, పర్వాలేదా?" అని అడిగారు.

పర్వాలేదండీ అన్న మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తుంది.

"రేపు సాయంత్రం దాకా ఆ బల్ల నీది, కిందున్న బొమ్మలతో సహా. చూద్దాం."

రెండో రోజు జనం బాగానే వచ్చారు. రాశి ముందు మగవాళ్ళు గుంపుగా నిలబడి అందులో కాయలెన్నుంటాయో పందేలు కాశారు. వలిచినవాడెవడో పని రానివాడని ఒకాయన తేల్చేశాడు. అదీ భరించాను. అయితే నాలుగింటికి మా అమ్మ వచ్చింది. ఆఖరి పూట, చుట్టాలందరూ వచ్చే వేళ, ఆ సిరా మరకల చొక్కాతో నా పరువు తీస్తావా అని పట్టు పట్టింది. బల్ల వదలనన్నాను. "నేనుంటానులేమ్మా, వెళ్ళు," అన్నాడు మావయ్య. ఆర్టిస్టుగారు లోపల ఎవరితోనో మాట్లాడుతున్నారు. వెళ్ళి చీర కట్టుకుని వచ్చాను. అంతే.

గేటు దగ్గర ఎదురైన ఒకాయన చేతిలో తాంబూలం సంచి ఉంది. అందులోంచి రబ్బరు బ్యాండు వేసిన కాగితం చుట్ట పైకి కనిపిస్తోంది. మరొకావిడ చేతిలో కూడా ఉంది. లోపలికి పరిగెత్తితే మావయ్య చెమట తుడుచుకుంటూ, తృప్తిగా, ఖాళీ అట్టలు సర్దుతున్నాడు.

"మావయ్యా, ఇందులోవి ఏవి?"

"పెద్ద మనుషులకి ఇచ్చేనమ్మా. రెండు రోజుల నుంచి వస్తన్నారు, ఒట్టి అరటిపళ్ళు పెట్టి పంపితే ఏం బాగుంటది? ఒకేలాటివి ఏడున్నాయి, ఒకటి ఎలాగూ తాడు మీదుంది. ఆవిడే వరసగా నంబర్లేసి పెట్టేరు కూడాను, పంచడానికే కదా?"

కోపం నషాళానికంటింది. ఆ హాలంతా దద్దరిల్లేలా అరిచాను. ఏమన్నానో గుర్తు లేదు గాని మా అమ్మ నా నోరు మూసింది. ఆర్టిస్టుగారు అరవలేదు. ఖాళీ అట్టలు తెరిచి చూసి, మూసి, కుర్చీలో కూర్చున్నారు. ఆ సాటిన్ ముడి ఒకటి ఆవిడ వీపు వెనక. "బల్ల నీదన్నాను," అన్నారు నాతో, మెల్లగా. "రేపు మధ్యాహ్నం బయల్దేరతాను. జూన్ సంగతి మర్చిపో."

పొద్దున్నే మావయ్య బండి వెనక కూర్చుని బయల్దేరాను. ఎవరెవరికిచ్చాడో ఆయనకి బాగానే గుర్తుంది. కాని తాంబూలంలో ఇచ్చింది వెనక్కి అడగడం ఆయన వల్ల కాదు. మొదటి ఇంట్లో కాఫీ తాగాడు, కొబ్బరి ధర మాట్లాడాడు, వాళ్ళ గేదె ఆరోగ్యం అడిగాడు, వస్తామండీ అని లేచాడు. రోడ్డు మీదికొచ్చాక, "అడగలేకపోయేనమ్మా," అన్నాడు. నేనే వెనక్కెళ్ళి అడిగాను. ఆ ఇంటివాళ్ళు సంచి ముడి కూడా విప్పలేదు. అందులోంచి అయిదో నంబరు తీసిచ్చి, బొమ్మ వెనక్కి తీసుకున్నందుకు నొచ్చుకుంటామేమోనని ఇంకో గెల అరటిపళ్ళు బండికి కట్టారు. ఎనిమిదోది కూడా అలాగే, సంచిలో చుట్టింది చుట్టినట్టే దొరికింది.

తర్వాత ఇల్లు రిటైరైన మాస్టారిది. ఆయన నాలుగో నంబరుని అపురూపంగా తెచ్చి చూపించారు. పాడవకుండా లామినేషన్ చేయించారు. కాగితం మీద చేత్తో తడిమితే తగలాల్సిన సిరా అంతా ప్లాస్టిక్ కింద పడి ఊపిరాడకుండా మెరుస్తోంది. ఆయన మొహంలో ఆ సంతోషం చూస్తూనే దాన్ని అడిగి తీసుకున్నాను. ఇంకో రెండిళ్ళవాళ్ళు పొద్దున తలుపు తీయగానే ఫొటో ఫ్రేముల షాపుకి పరిగెత్తారట. షాపువాడు ఫ్రేము సైజుకి సరిపోలేదని నాలుగు పక్కలా అంచులు కోసేశాడు. సంతకాలూ నంబర్లూ ఆ కోసిన ముక్కల్లోనే పోయాయి. ముక్కలేవయ్యా అంటే, చెత్తబండి ఇప్పుడే వెళ్ళిందండీ అన్నాడు. ఆ రెండు బొమ్మలూ పట్టుకుని షాపు ముందు నిలబడి ఏడ్చాను. మావయ్య నాకు సోడా కొనిపెట్టాడు.

మిగిలింది మా అమ్మ పెదనాన్నగారి కోడళ్ళు, ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దత్తయ్య, చిన్నత్తయ్య అంటాను. సందుకి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు. మేం వెళ్ళేసరికి పెద్దత్తయ్య వరండాలో రెండు బొమ్మలూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. చిన్నత్తయ్యకిచ్చినదాన్ని కూడా తెప్పించినట్టుంది. ఇద్దరూ మొహాలు చెరో వైపు పెట్టుకుని కూర్చున్నారు.

"రండి మరిదిగారూ," అంది పెద్దత్తయ్య. "మీ చేత్తో మీరే ఇచ్చేరు కదా. దానికి రెండో నంబరూ, నాకు ఏడో నంబరూనా? ఇంటికి పెద్దదాన్ని నేనా, అదా?"

"అబ్బే, అది వరస కాదు వదినగారూ..."

"వరస కాకపోతే మానె. బొమ్మయినా ఒకటేనా? దానిది చూడండి, నలుపు నిండుగా ఉంది. నాది వెలిసిపోయింది. పోనీ అంటే, దాని కాయకి మొలక బాగుంది. నా కాయకి మొలక మధ్యలో విరిగిపోయింది. శుభమా అని తాంబూలం ఇచ్చి, విరిగిన మొలక ఇస్తారా?"

నేను అప్పటిదాకా ఒళ్ళు మండి నిలబడి ఉన్నాను. ఆ మాటకి వంగి చూశాను. నిజమే. రెండో నంబరులో మొలక కొస దాకా తెగని తెల్లటి గీత. ఏడో దాంట్లో నడుమ చిన్న నల్ల మచ్చ పడి, గీత రెండు ముక్కలైంది. పల్చగా చెక్కిన చోట ఒత్తిడికి చెక్క చితికి ఉంటుంది, అక్కడ సిరా నిండింది. రెండు రోజులు ఆ బల్ల దగ్గర కూర్చుని, డిజైన్ చదువుతున్న నేను చూడనిది, తనకి తక్కువ జరిగిందేమోనన్న అనుమానంతో పెద్దత్తయ్య చూసింది. నాకు ఆవిడ మీద అసూయ కలిగింది.

మేమొచ్చిన పని చెప్పాను. చిన్నత్తయ్య వెంటనే ఇచ్చేసింది. పెద్దత్తయ్య లేచి నిలబడింది. "విరిగింది ఇచ్చింది చాలక, అదీ పట్టుకెళ్ళిపోతారా? ఒకటో నంబరు తెచ్చివ్వండి, ఇది పట్టుకెళ్ళండి."

"ఆయ్, అలాగే వదినగారూ, తాడు మీద..." అని మావయ్య మొదలెట్టేశాడు. ఆయన చెయ్యి గట్టిగా గిల్లాను.

"అత్తయ్యా, ఒకటో నంబరు నేను తెస్తాను. నేను చేసింది. నా మొదటి బొమ్మ, మొదటి నంబరు, మీకే."

"మొలక విరగకూడదు."

"విరగదు."

ఎక్కడ చేస్తానో, ఎవరు చేయనిస్తారో తెలియకుండానే మాట ఇచ్చేశాను. చోటు పోయిందని నాకు గుర్తుంది, అయినా ఇచ్చేశాను. ఆవిడ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, ఏడో నంబరు చుట్టి నా చేతిలో పెట్టింది.

హాలుకి వచ్చేసరికి ఆర్టిస్టుగారి సామాను కారెక్కేసింది. అన్నీ బల్ల మీద పరిచాను. లామినేషన్ దాన్ని ఆవిడ వేళ్ళతో తాకి పక్కన పెట్టేశారు. "ఇది పోయింది," అన్నారు. గొంతులో బాధ దాచుకోలేదు. అంచులు తెగినవి రెండూ చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నారు. తర్వాత పెన్సిల్ తీశారు. మిగిలిన నంబర్లు మూడూ ఆరూ. ఏది ఏదో బొమ్మ మీద లేదు. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.

"మీ కుడిచేతిలోది మూడు," అన్నాను. "ఎడమచేతిలోది ఆరు."

ఆవిడ తలెత్తారు.

"నాలుగో దాకా మొలక బాగానే ఉందండీ. అయిదో దాంట్లో విరిగింది. ఎడమచేతిలో దాంట్లో కూడా విరిగి ఉంది."

కళ్ళజోడు దొరికింది. ఒక బొమ్మ, ఇంకో బొమ్మ, మళ్ళీ మొదటి బొమ్మ చూశారు. "ఎవరు చెప్పారు నీకు?"

"మా పెద్దత్తయ్యండీ."

తెగిన బొమ్మల మీద, మిగిలిన కాస్త చోటులో మూడు అనీ ఆరు అనీ రాసి, మళ్ళీ సంతకం చేశారు. జూన్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కారు దగ్గర మావయ్య చేతులు కట్టుకుని, తల దించుకుని, తాంబూలం సంచితో నిలబడ్డాడు. ఆవిడ సంచి అందుకుని, ముడి విప్పి లోపలికి తొంగిచూసి, అరటిపళ్ళే అని నమ్మకం కుదిరాక కారులో పెట్టుకున్నారు. అద్దం దించి నన్ను పిలిచారు.

"జూన్‌లో వచ్చేటప్పుడు నీ గరిటె నువ్వు తెచ్చుకో. నాది ఇవ్వను."

మా అమ్మ వంటింట్లో గరిటె మాయమైన సంగతి వేరే గొడవ. జూన్ అంతా రోలర్ చప్పుడు వింటూ గడిచింది. నేను చెక్కింది తాంబూలం సంచి. బొమ్మ నిండా ఉత్త సంచే, ముడి వేసి ఉంటుంది. మొలక ఒకటి పెట్టాలి కాబట్టి, ముడి పక్క నుంచి కొబ్బరి మొలక పైకి లేచినట్టు చెక్కాను. ఎన్ని కాగితాలు పాడుచేశానో ఆర్టిస్టుగారు చెబితేనే బాగుంటుంది. చివరికి నిలిచినవి నాలుగు.

ఇంటికి రాగానే ఒకటో నంబరు పట్టుకుని పెద్దత్తయ్య దగ్గరికెళ్ళాను. బాగుందనలేదు, కూర్చోమని కూడా అనలేదు. వరండా అంచు దాకా వెళ్ళి, వెలుగులోకి పట్టి, ఏటవాలుగా వంచి, కాగితానికి తగలకుండా మొలక మొదలు నుంచి కొస దాకా వేలు నడిపింది. సంచి ముడి దగ్గర ఆగింది. అక్కడ నా ఉలి జారిన చోటు ఒకటుంది. ఎవరూ కనిపెట్టరనుకున్నాను.

"రెండోది ఎవరికిచ్చేవే?"

"చిన్నత్తయ్యకి. ఇందాకే, వస్తూ వస్తూ."

ఆవిడ బొమ్మని జాగ్రత్తగా చుట్టి, చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని సందు దాటింది.